రిజిస్టరులో లేని పేర్లు

మా సంఘంలో కులం లేదని నేను చాలా ఏళ్ళు చెప్పుకుంటూ వచ్చాను. అబద్ధమని తెలిసి చెప్పింది కాదు, నిజమని నమ్మే చెప్పాను. విశాఖపట్నం వన్‌టౌన్‌కి దగ్గర్లో ఉన్న ఒక తెలుగు ప్రొటెస్టెంటు సంఘానికి కార్యదర్శిగా పనిచేసినవాణ్ణి. సంఘం పేరు రాయను. అక్కడ జరిగినదాంట్లో నా చేతి రాతే ఎక్కువ కాబట్టి చెప్పుకోవాల్సింది నేనే.

మా తాతది శ్రీకాకుళం వైపు ఒక పల్లె, మాలపేట. ఊరి టీ కొట్టులో ఆయనకి వేరే గ్లాసు ఉండేది. టీ తాగి, తనే కడిగి, చూరులో దోపి రావాలి. కెనడియన్ బాప్టిస్టు మిషన్‌లో బాప్తిస్మం తీసుకున్నాక కూడా ఆ గ్లాసు మారలేదు. కానీ మా నాన్నకి బడి దొరికింది. ఆ చదువుతో నాన్న విశాఖ వచ్చి పోర్టులో కలాసీగా చేరాడు, నేను అదే పోర్టులో గుమాస్తానయ్యాను. 1985 జులైలో కారంచేడులో మాదిగలను చంపినప్పుడు, 1991 ఆగస్టులో చుండూరులో మాలలను చంపినప్పుడు మా చర్చిలో ఉపవాస ప్రార్థనలు పెట్టాం. వాళ్ళ కోసం ఏడ్చాం, చందాలు పోగుచేశాం. దెబ్బ తిన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణన్న నమ్మకం నాలో అప్పటి నుంచీ గట్టిగా ఉండిపోయింది. నా చేత్తో ఇంకొకరికి దెబ్బ తగలగలదన్న ఆలోచనే రాలేదు.

కొన్నాళ్ళకి మా ఆరాధనకు రెల్లి కుటుంబాలు రావడం మొదలైంది. విశాఖలో వాళ్ళు తెలియనివాళ్ళు ఉండరు. ఈ నగరం వీధులు ఊడ్చేదీ కాలవల్లో పూడిక తీసేదీ చాలావరకు వాళ్ళే. పళ్ళూ కూరగాయలూ అమ్ముకుని బతికేవాళ్ళూ ఉన్నారు. ఇళ్ళలో మాట్లాడుకునేది రెల్లి భాష, ఒడియాకు దగ్గరగా ఉంటుంది. షెడ్యూల్డు కులాల్లోనూ అందరికన్నా వెనకబడినవాళ్ళని ప్రభుత్వమే లెక్కగట్టింది. 2025లో ఆంధ్రప్రదేశ్ చేసిన ఎస్సీ రిజర్వేషన్ల ఉపవర్గీకరణలో మొదటి వర్గం రెల్లి, దానితో కలిపి 12 కులాలు. వాళ్ళ వాటా 1 శాతం. మాదిగ వర్గానికి 6.5, మా మాల వర్గానికి 7.5.

ఆ కుటుంబాలు బాప్తిస్మం తీసుకున్నది మా చర్చి తొట్టిలోనే, మా పాస్టరుగారి చేతుల మీదుగానే. మొదట్లో చాలా సంబరపడ్డాం. సంఘం పెరుగుతోందని వార్షిక నివేదికలో రాశాను. తర్వాత కమిటీ సమావేశాల్లో చిన్నచిన్న మాటలు మొదలయ్యాయి. పిల్లలు అల్లరి చేస్తున్నారు, బెంచీలు చాలడం లేదు, కొంతమంది డ్యూటీ దిగి అవే బట్టలతో వచ్చేస్తున్నారు. కులం అన్న మాట ఎవరి నోటా రాలేదు. చివరికి వాళ్ళ వాడలోనే ఒక శాఖా మందిరం పెడదామని తీర్మానించాం. ఆ తీర్మానం రాసింది నేనే. ‘వారి సౌకర్యార్థం’ అని రాశాను, మంచి పని చేశామని ఆ రాత్రి ఇంట్లో చెప్పుకున్నాను. ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాం. పాస్టరుగారు ఇక్కడి ఆరాధన ముగించుకుని నెలకో ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి ప్రభు భోజనం ఇచ్చేవారు.

ఆ మందిరం కోసం ప్రభు భోజనం గ్లాసులు కొత్త సెట్టు కొన్నాం. మా చర్చి బీరువాలో పాత సెట్టు ఒకటి ఖాళీగానే ఉంది. సంచిలో పెట్టి పట్టుకెళ్తే సరిపోయేది. వేరేవి కొనాలని ఎవరు అన్నారో మినిట్సులో లేదు, ఎందుకని ఎవరూ అడగనూ లేదు. బిల్లు మాత్రం ఫైల్లో ఉంది, దాని మీద నా సంతకం ఉంది. మా తాత చూరులో దోపిన గ్లాసు గురించి చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాణ్ణి, ఆ సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి ఆగలేదు.

2014 అక్టోబరు 12 ఆదివారం. ఆ రోజు విశాఖలో ఆరాధనలు జరగలేదు. హుద్‌హుద్ తుపాను మా నగరం మీదే తీరం దాటింది. కొండల మీద పచ్చదనం ఒక్క పూటలో మోడుబారింది, విమానాశ్రయం పైకప్పు చెదిరిపోయింది, రోజుల తరబడి కరెంటు లేదు, పాల ప్యాకెట్టు కోసం జనం బారులు తీరారు. రోడ్లకి అడ్డంగా పడ్డ చెట్లనూ చెత్తనూ తీసి ఊరిని మళ్ళీ నడిపించినవాళ్ళలో పారిశుద్ధ్య కార్మికులు ముందున్నారు. తమ ఇళ్ళ రేకులు ఎక్కడ పడ్డాయో వెతుక్కోకుండానే వాళ్ళు డ్యూటీకి వెళ్ళారు.

ఇతర ఊళ్ళ సంఘాలు బియ్యం బస్తాలు, దుప్పట్లు, టార్పాలిన్లు లారీలో పంపాయి. ఎవరెవరికి ఇవ్వాలో జాబితా తయారుచేసే పని నాది. రిజిస్టరు తెరిచి పూర్తి సభ్యత్వం ఉన్న కుటుంబాలకి టోకెన్లు రాశాను. శాఖా మందిరంవాళ్ళ సంగతి మిగిలినదాన్ని బట్టి చూద్దామన్నాను. ఏమీ మిగల్లేదు. డాబా ఇళ్ళున్న మావాళ్ళు కూడా టార్పాలిన్లు పట్టుకెళ్ళారు. ఇళ్ళ పైన ఆకాశం తప్ప ఏమీ లేని కుటుంబాలకు ఒక్కటీ చేరలేదు.

పంపకం ముగిసిన సాయంత్రం శాఖా మందిరం నుంచి ఒకామె వచ్చింది. వాడలో ప్రార్థన కూడికలు నడిపేది ఆవిడే. డ్యూటీ కోటు ఇంకా విప్పలేదు. బియ్యం అడగడానికి వచ్చిందనుకుని ఏం చెప్పి పంపాలా అని ఆలోచిస్తున్నాను. ఆమె బియ్యం ఊసెత్తలేదు.

“సెక్రెట్రీ బాబూ, ఆ పుస్తకంలో నా పేరు సూపించండి. నాకు సదువు రాదు, పేరున్న కాడ ఏలు పెట్టండి చాలు” అంది.

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె గొంతు పెంచకుండానే మళ్ళీ అంది. “నానీ సంగంలోనే కదా బాబూ బాప్తీసం తీసుకున్నాను. మరి నా పేరెక్కడికి ఎల్లిపోనాది?”

వెతికాను. పేరు ఉంది, దాని మీద ఎర్ర సిరాతో ఒక గీత, పక్కన ‘శాఖకు బదిలీ’ అని రాసి ఉంది. శాఖకు రిజిస్టరు అంటూ లేదు. పెడదామనుకున్నాం, పెట్టలేదు. అంటే కాగితం ప్రకారం ఆ కుటుంబాలు ఏ సంఘానికీ చెందినవాళ్ళు కారు. ఆ ఎర్ర గీతలన్నీ నేను స్కేలు పెట్టి గీసినవే.

మా ఇంటికొచ్చిన బియ్యం బస్తా ఆమెకిచ్చి పంపాను. తీసుకెళ్ళి వాడలో పంచిందని తర్వాత విన్నాను. కొద్ది రోజులకే మళ్ళీ వచ్చి ఆ పుస్తకం సంగతే అడిగింది. నిజం చెప్పాలంటే నాకు ముందు కోపం వచ్చింది. వాళ్ళ కోసం మందిరం పెట్టించాను, నా వాటా కూడా ఇచ్చాను, ఇంకా నిలదీస్తుందేమిటి అనుకున్నాను. సిగ్గు చాలా ఆలస్యంగా వచ్చింది. పాత రిజిస్టర్లు, రసీదు పుస్తకాలు, మినిట్సు అన్నీ ఇంటికి తెచ్చుకుని వరసగా చదివాక వచ్చింది.

చదివితే ఏం కనిపించిందంటే, మా నియమాల్లో ఎక్కడా ఎవరి కులం పేరూ లేదు. నెల చందా మూడు నెలలు బకాయి పడితే ఓటు ఉండదు, కమిటీకి నిలబడకూడదు. ఇది అందరికీ వర్తించే నియమమే. అయితే దాన్ని రాసినవాళ్ళు పోర్టులోనో రైల్వేలోనో స్టీల్ ప్లాంటులోనో నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చేవాళ్ళు. కాంట్రాక్టు మీద వీధులు ఊడ్చేవాళ్ళకి జీతాలు నెలల తరబడి ఆగిపోవడం మామూలు. వాళ్ళెప్పుడూ బకాయిదార్లే, అందువల్ల వాళ్ళకెప్పుడూ ఓటు లేదు. ఓటు లేదు కాబట్టి శాఖా మందిరం పెట్టాలన్న తీర్మానం మీద వాళ్ళలో ఒక్కరూ చెయ్యెత్తలేదు. వాళ్ళ గురించి చేసిన తీర్మానంలో వాళ్ళు లేరని అప్పుడు మాకెవరికీ స్ఫురించలేదు.

సమాధుల తోట నియమం ఇంకా ఘోరం. బకాయిలు కడితేనే చోటు. ఒక రెల్లి కుటుంబంలో పెద్దాయన పోయినప్పుడు, శవం ఇంకా ఇంట్లోనే ఉండగా, నేను రసీదు పుస్తకం పట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాను. వాళ్ళు ఇరుగుపొరుగు దగ్గర అప్పు తెచ్చి కట్టారు. రసీదు చించి ఇచ్చాను. ఆ పెద్దాయన బతికుండగా నాకన్నా ఎంతో పెద్దవాడు. నేను పేరు పెట్టి నువ్వు అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు. నాకన్నా చిన్నవాడైన బ్యాంకు ఉద్యోగిని మాత్రం బ్రదర్ గారూ అని పిలిచేవాణ్ణి. ఈ రసీదు సంగతి రాయడం నాకిప్పటికీ కష్టంగానే ఉంది.

కమిటీలో విషయం ఎత్తాను. “సంఘంలోకి కులం తేవొద్దండీ” అన్నారు ఒక పెద్ద. అది అచ్చంగా నా మాటే. ఏళ్ళ తరబడి ఎవరు ఏ అసంతృప్తి చెప్పినా ఆ మాటతోనే నోరు మూయించాను. ఇంకొకాయన భయం వేరు. కులాల గొడవ బయటికి పాకితే మన పిల్లల ఎస్సీ సర్టిఫికెట్ల మాటేమిటి అన్నాడు. ఆ భయాన్ని కొట్టిపారేయలేను. మాలో చాలామందికి రెండేసి పేర్లుంటాయి, చర్చి రిజిస్టరులో ఒకటి, స్కూలు రికార్డులో ఒకటి. నాకూ అంతే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలకు మన రాష్ట్రంలో దక్కేది బీసీ-సి, 1 శాతం. ఆ ఉత్తర్వులో మతంతో ఉన్న ముడి తీసెయ్యాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. 2025లో హైకోర్టు మాత్రం మతం మారినవాళ్ళకి అట్రాసిటీ చట్టం రక్షణ కూడా ఉండదని తీర్పిచ్చింది.

బాప్తిస్మంతో కులం పోతుందని చట్టం లెక్క. పోలేదనడానికి మా రెండో గ్లాసుల సెట్టు చాలు. నాకు అర్థమైనదేమంటే, ఈ చట్టం మా నోళ్ళు కట్టేసింది, ఆ మౌనాన్ని మేం మాకన్నా కిందున్నవాళ్ళ మీద వాడుకున్నాం. కులం గురించి మాట్లాడితే ప్రమాదం అన్నచోట, కులం వల్ల దెబ్బ తిన్నవాడు ఏమని ఫిర్యాదు చేస్తాడు? చట్టం మారాలని నేను గట్టిగా కోరుకుంటాను. అది మారేదాకా మా బీరువా సర్దుకోకూడదని మాత్రం ఎక్కడా లేదు.

తెలుగు నేల మీద ప్రొటెస్టెంటు మిషన్ పని తొలినాళ్ళలోనే మొదలైన ఊళ్ళలో విశాఖ ఒకటని మేం గర్వంగా చెప్పుకుంటాం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ ఇక్కడికే వచ్చారు. సువార్తలను తెలుగు చేయడంలో వాళ్ళకి తోడుపడ్డ ఆనందరాయర్ బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చినవాడు. కానీ తెలుగు చర్చిని నింపింది మాలలూ మాదిగలూ. 1866లో ఒంగోలు వచ్చిన మిషనరీ క్లౌ దొర కథ నేను సండే స్కూల్లో ఎన్నోసార్లు చెప్పాను. యెర్రగుంట్ల పేరయ్యలాంటి మాదిగలను చేర్చుకుంటే మేం రాము, మా పిల్లలనూ పంపం అన్నారు పై కులాలవాళ్ళు. దొర, ఆయన భార్య వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో, లోకంలో నీచులైనవాళ్ళను దేవుడు ఎన్నుకున్నాడన్న ఒకే చోటు కనిపించిందంటారు. ఆయన మాదిగలనే చేర్చుకున్నాడు, పై కులాల పిల్లలను వదులుకున్నాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ నన్ను నేను పేరయ్య పక్కన నిలబెట్టుకున్నాను. ‘వాళ్ళొస్తే మేం రాము’ అన్నవాళ్ళ మాటలే మా కమిటీలో బెంచీలూ అల్లరీ బట్టలూ అన్న పేర్లతో వినిపిస్తుంటే మినిట్సు రాసుకుంటూ కూర్చున్నాను.

అంబేడ్కర్ చెప్పిన మెట్ల అసమానత గురించి చదివినప్పుడల్లా పైమెట్టు మీదివాళ్ళే గుర్తొచ్చేవారు. ఆ మాటలో అసలు భయంకరమైన సంగతి మధ్యమెట్టు. అక్కడున్నవాడికి పైనుంచి పడే దెబ్బ తెలుస్తుంది, తన కాలు ఎవరి మీదుందో తెలియదు. మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశం వచ్చినప్పుడు కేరళలో ఒక స్కూల్లో ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పరిచయం చేశారు. మొదట నొచ్చుకున్నాననీ, తర్వాత అది నిజమేనని ఒప్పుకున్నాననీ ఆయనే చెప్పుకున్నాడు. మేం కింగ్ పేరు ప్రసంగాల్లో తెగ వాడేవాళ్ళం. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకునే ఆఫ్రికా విద్యార్థులు క్రిస్మస్‌కి వస్తే ముందు వరసలో కూర్చోబెట్టి ఫొటోలు దిగేవాళ్ళం. ఫిలడెల్ఫియాలో ఒక చర్చిలో మోకాళ్ళ మీద ప్రార్థిస్తున్న నల్లవాళ్ళను లేపి పొమ్మన్నారనీ, వాళ్ళు నడిచి వెళ్ళిపోయారనీ, అందులో ఒకడైన రిచర్డ్ అలెన్ 1816లో వేరే సంఘమే స్థాపించాడనీ ఒకసారి యువజన కూడికలో ఆవేశంగా చెప్పాను. అదే నెలలో రేకుల షెడ్డుకు అద్దె చెక్కు రాశాను.

కథోలికులు ఈ విషయంలో మాకన్నా ముందు నోరు విప్పారు. చర్చి లోపల దళితులపై వివక్ష ఉందని వాళ్ళ బిషప్పుల సమాఖ్య 2016లో విధాన పత్రంలోనే ఒప్పుకుంది. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోని దేశంలో తొలి దళిత కార్డినల్ అయ్యారు. చిన్న చిన్న స్వతంత్ర సంఘాల్లో మాకు అలాంటి పత్రం రాసేవాళ్ళూ లేరు, రాయమనేవాళ్ళూ లేరు.

నాకు దారి చూపింది అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం. యెరూషలేము సంఘంలో రోజువారీ పంపకాల్లో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూశారని సణుగుడు పుట్టింది. అంటే భాష వేరైన పేదరాళ్ళు, పంపకాల జాబితా, అందులో లేని పేర్లు. హుద్‌హుద్ నాడు మా చర్చిలో జరిగింది అదే. అపొస్తలులు ఆ సణుగుడును అణచలేదు, సంఘంలోకి భేదాలు తేవొద్దని ప్రసంగించనూ లేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. పంపకం పని ఫిర్యాదు చేసినవాళ్ళ వైపువాళ్ళ చేతికే వెళ్ళింది. ఈ అధ్యాయాన్ని నేను చిన్నప్పటి నుంచీ డీకన్ల నియామకం గురించని చదివాను.

కమిటీలో మార్పు తేలిగ్గా రాలేదు. ఇద్దరు పెద్దలు వేరే చర్చికి వెళ్ళిపోయారు. చివరికి ఎర్ర గీతలు కొట్టేసి, ఆ పేర్లన్నీ మొదటి బాప్తిస్మం తేదీలతో తిరిగి రాశాం. ఓటుకీ చందాకీ ముడి తీసేశాం. సమాధుల తోటలో బకాయి నియమం రద్దయింది. కొత్త గ్లాసుల సెట్టు, పాత సెట్టు కలిపేశాం, ఏది ఎక్కడిదో ఇప్పుడు చెప్పలేం.

అందరం కలిసి ఒకే చోట ఆరాధన చేద్దాం రమ్మని నేను వాడకు వెళ్ళి పిలిచాను. వాళ్ళు రాలేదు. రేకుల షెడ్డు ఇప్పుడు తమ సొంతమని, కూడికల్లో తమ భాషలో ప్రార్థన చేసుకుంటున్నామని, అది వదులుకోలేమని చెప్పారు. వాళ్ళకి కావాల్సింది వాళ్ళే చెప్పారు. కమిటీలో వాళ్ళు ఎన్నుకున్న ఇద్దరు ఉండాలి, లెక్కల పుస్తకం వాళ్ళు చూడాలి, పాస్టరుగారు నెలలో ఒక ఆదివారం ఉదయం ఆరాధన అక్కడే మొదలుపెట్టాలి. ఒప్పుకున్నాం. నేను కార్యదర్శి పదవి వదిలేశాను. సహాయ నిధి పంపకం చూసేవాళ్ళలో ఇప్పుడు, ఆ సాయంత్రం పేరు చూపించమన్న ఆవిడ కూతురు ఉంది.

మారనిదీ రాయాలి. పెళ్ళి సంబంధాల దగ్గర మేం ఇంకా పాతవాళ్ళమే. మా అబ్బాయికి సంబంధాలు చూసేటప్పుడు నేనూ మధ్యవర్తిని ‘మనవాళ్ళేనా’ అని అడిగాను. మా ఇళ్ళకీ రెల్లి వాడకీ మధ్య మా సంఘంలో ఇంతవరకు ఒక్క పెళ్ళీ జరగలేదు.

సంఘ కార్యదర్శులకు, కోశాధికారులకు నాదొక మనవి. ఈ ఏడు సర్వసభ్య సమావేశానికి ముందు మీ రిజిస్టరు తెరవండి. బదిలీ పేరుతోనో బకాయి పేరుతోనో ఎవరి ఓటు పోయిందో ఆ పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. దాన్ని కమిటీ ముందు పెట్టేలోపు ఆ పేర్లున్నవాళ్ళ ఇళ్ళకి తీసుకెళ్ళి చదివి వినిపించండి. ఏం చెయ్యాలో వాళ్ళనే అడగండి.